కంప్యూటర్ల నడుమ ఒప్పందము: రెండు ప్రమాణముల పోటీ

అడంగలు నకలు కొరకు రైతు నేడు పది పర్యాయములు కచేరీ చుట్టు తిరుగనక్కరలేదు. దగ్గరలోని మీ సేవ కేంద్రమునకు పోయి సర్వే నంబరు చెప్పినచో కొలది నిమిషములలో కాగితము చేతికి వచ్చుచున్నది. ఆ కొలది నిమిషములలో జరుగు పని సామాన్యమైనది కాదు. కేంద్రములోని కంప్యూటరు ఒక కంపెనీ చేసినది. దానిని బయటి తీగెకు కలుపు పెట్టె మరియొక దేశములో తయారైనది. నడుమ కొంత దూరము గాజు తీగె, కొంత దూరము టవరు నుండి టవరునకు రేడియో. చివర భూమి రికార్డులు దాచియుంచిన యంత్రము వేరొక తరహాది. వీనిని చేసిన వారు ఒకరి ముఖము నొకరు చూచి యెరుగరు. అయినను ఆ యంత్రములు ఒకదాని మాట నొకటి గ్రహించుచున్నవి.

ముందుగా కుదిరిన ఒప్పందము వలన ఇది సాధ్యమగుచున్నది. ఆ ఒప్పందమునకు ప్రోటోకాలు అని పేరు. తపాలా విషయములో ఇట్టి ఒప్పందము మనకు చిరపరిచితమే. కవరుపై చిరునామా ఎచట వ్రాయవలెను, పిన్ కోడునకు అంకెలెన్ని, రిజిస్ట్రేషను కోరిన ఉత్తరము ముట్టినట్లు ఎవరు సంతకము చేయవలెను అను నియమములు దేశమంతట ఒక్కటే గనుక శ్రీకాకుళములో వేసిన ఉత్తరము ఆదిలాబాదు చేరుచున్నది. కంప్యూటర్లకు ఇంతకంటె సూక్ష్మముగ చెప్పవలసియుండును. సందేశము ఎచట మొదలైనది, ఎచట ముగిసినది, నడుమ కొంత పోయినచో ఎవరు ఎవరిని తిరిగి అడుగవలెను, ఎంతసేపు వేచియుండవలెను అను సంగతులన్నియు ముందే వ్రాసికొనవలెను. మనుష్యులు సైగ చేసియైనను సర్దుకొందురు. యంత్రమునకు సర్దుబాటు తెలియదు.

ఒకనాడు ఇట్టి ఉమ్మడి ఒప్పందము లేదు. 1974లో ఐ.బి.ఎం. కంపెనీ తన యంత్రముల కొరకు ఎస్.ఎన్.ఏ. అను పద్ధతిని, 1975లో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కంపెనీ డెక్‌నెట్ అను పద్ధతిని ప్రవేశపెట్టినవి. ఎవరి యంత్రము వారి భాషనే మాట్లాడెడిది. మొదటి యంత్రము ఒకరి వద్ద కొన్న కార్యాలయము రెండవ దానిని కూడ అచటనే కొనవలసి వచ్చెడిది. ధర వారు చెప్పినదే. గుంతకల్లు స్టేషను పూర్వము చూచిన పెద్దలకు ఈ ఇబ్బంది వెంటనే బోధపడును. బ్రాడ్‌గేజి, మీటరుగేజి పట్టాలు రెండును అచట కలిసెడివి గాని ఒక పట్టాపై వచ్చిన బండి రెండవ పట్టాపైకి పోలేదు. సరకు దించి మరల ఎక్కించవలసినదే. పట్టాల వెడల్పులో భేదము ఒకటిన్నర మూరకు లోపే. కాని దాని ఫలితముగ కూలీలు, కాలహరణము, పగిలిన బస్తాలు!

మాకును ఇట్టి అనుభవము కలదు. మేము ఉద్యోగములో చేరిన క్రొత్తలో తెలుగు అక్షరములకు ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క సంకేతము వాడెడిది. రాత్రి రెండు గంటల వరకు కూర్చుండి టైపు చేసిన వ్యాసమును ఒక ముద్రణాలయమునకు పంపగా, అచటి కంప్యూటరులో అది కొక్కెములు, చుక్కలు, విసర్గల కుప్పగా తెరచుకొన్నది. తప్పు వ్రాసిన వారిది కాదు, చదివిన వారిది కాదు. ఇరువురి నడుమ ఒప్పందము లేదు. యూనికోడ్ ప్రమాణము వాడుకలోనికి వచ్చిన పిమ్మట ఆ బాధ తీరినది.

రెండు మార్గములు

ప్రపంచమునందలి కంప్యూటర్లన్నిటికి ఉమ్మడి ఒప్పందము కావలెనని 1970లలో పెక్కుమంది అంగీకరించిరి. అది ఎట్లుండవలెనను విషయములోనే భేదము వచ్చినది.

టెలిఫోను శాఖలది ఒక మార్గము. ఫోనులో ఇరువురు మాట్లాడుచున్నంతసేపు వారి నడుమ దారి ఒకటి ఏర్పడి యుండును గదా. కంప్యూటర్లకును అట్లే చేయుదమని వారనిరి. ముందుగా దారి వేయవలెను, దానివెంట సమాచారము వరుస తప్పక పోవలెను, ఎచటనైన పోయినచో నడుమనున్న జాలమే బాధ్యత వహించి సరిచేయవలెను. అంతర్జాతీయ టెలిఫోను, టెలిగ్రాఫు సంప్రదింపుల సంఘము 1976లో ఈ పద్ధతిని ఎక్స్.25 అను పేర ప్రమాణముగ ప్రకటించినది. ఇది పనికిరానిదని అనుకొనరాదు. ఫ్రాన్సు దేశములో మినిటెల్ అను చిన్న తెర పెట్టెలు లక్షలాది ఇండ్లకు టెలిఫోను డైరెక్టరీని, రైలు టిక్కెట్లను అందించినది ఇట్టి జాలము మీదనే. ఆ సేవ 2012 జూన్ 30 వరకు నడచినది.

రెండవ మార్గమునకు మూలము కూడ ఫ్రాన్సులోనే కొంత కలదు. లూయీ పూజాఁ అను ఇంజనీరు 1970లలో సైక్లాడ్స్ అను జాలమును నిర్మించుచు, నడుమనున్న జాలముపై భారము మోపవద్దనెను. సందేశమును చిన్న చిన్న పొట్లములుగ చేసి, ప్రతి పొట్లముపై చిరునామా వ్రాసి వదలవలెను. ఏ పొట్లము ఏ దారిన పోయినను పోనిండు. వరుసలో కూర్చుట, పోయిన దానిని తిరిగి తెప్పించుట చివరలనున్న కంప్యూటర్లే చూచుకొనును. అమెరికాలో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను వారు ఇట్టి భావములతోనే 1974 మే నెలలో ఒక వ్యాసము ప్రకటించిరి. దానినుండి పెరిగినదే టి.సి.పి./ఐ.పి. అను జంట. ఐ.పి. అనునది చిరునామా చూచి పొట్లమును ముందుకు త్రోయు బంట్రోతు. టి.సి.పి. అనునది చివర కూర్చున్న గుమాస్తా. పొట్లములకు నంబర్లు వేయును, ముట్టినవానికి రసీదు పంపును, రసీదు రాని పొట్లమును మరల పంపును.

ఇరువది కార్డులపై ఒక పెద్ద ఉత్తరము వ్రాసి పంపితిమనుకొనుడు. కార్డులకు నంబర్లు వేసియున్నచో పదునేడవ కార్డు ముందుగ వచ్చినను చింత లేదు; తొమ్మిదవది రానిచో దానిని మాత్రమే తిరిగి అడుగవచ్చును. తపాలా బంట్రోతునకు ఇవన్నియు ఒక్క ఉత్తరములోని భాగములని తెలియనక్కరయే లేదు. అతనికి తెలియనవసరము లేకపోవుటలోనే ఈ పద్ధతి బలమంతయు ఉన్నదని మేము తలచుచున్నాము. నడుమనున్నవానికి పని తక్కువ గనుక అతడు ఎవరైనను కావచ్చును. 1977 నవంబరులో కాలిఫోర్నియా రోడ్డుపై పోవుచున్న ఒక వ్యాను నుండి రేడియో ద్వారా బయలుదేరిన పొట్లములు, భూమిపై తీగెల జాలమును, అట్లాంటిక్ సముద్రముపై ఉపగ్రహ జాలమును దాటి ఐరోపా పోయి మరల అమెరికా చేరినవి. ఒక్కొక్క జాలము ఒక్కొక్క విధమైనది. మూడింటిలో దేనిని విప్పి మరల కట్టనక్కరలేకపోయినది. నేడు మన పల్లెలలో కరెంటు స్తంభముల వెంట లాగిన ఫైబరు తీగె పైనను, సెల్ టవరు పైనను, కొండ గూడెములో ఉపగ్రహపు పళ్లెము పైనను అదే ఇంటర్నెట్టు వచ్చుచున్నదన్నచో కారణమిదియే.

అందరు దేశముల సంఘము

1977లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ ఈ విషయమును చేపట్టినది. ఉద్దేశము ఉన్నతమైనది. ఏ ఒక్క కంపెనీకిగాని ఏ ఒక్క దేశమునకుగాని లోబడక, అందరి ప్రతినిధులు కూర్చుండి నిర్ణయింపవలెనని సంకల్పము. దానికి ఓ.ఎస్.ఐ. అని పేరు, పరస్పర సంబంధమునకు తలుపులు తెరచిన వ్యవస్థ అని భావము. పనినంతయు ఏడు అంతస్తులుగ విభజించిరి. అడుగున తీగెపై విద్యుత్సంకేతము, దానిపై రెండు యంత్రముల నడుమ లంకె, పిమ్మట జాలములో దారి, దానిపై రవాణా, ఆపైన సంభాషణ క్రమము, సమాచార రూపము, చిట్టచివర మనుష్యులు వాడుకొను సేవ. ఒక అంతస్తులో మార్పు చేసినను ప్రక్క అంతస్తులు కదలనక్కరలేదు. 1984లో ఈ నమూనా ప్రమాణముగ వెలువడినది. ఇంత చక్కని విభజన అంతకు ముందు లేదు. ఇప్పటికిని కళాశాలలలో కంప్యూటరు విద్యార్థులు ఈ ఏడంతస్తులనే నేర్చుకొనుచున్నారు.

చిక్కు ఎచట వచ్చినదన, సంఘములో టెలిఫోను శాఖలవారు ఉండిరి, కంప్యూటరు కంపెనీలవారు ఉండిరి, పొట్లముల పద్ధతిని కోరువారును ఉండిరి. ఎవరిని కాదనినను పని సాగదు. కావున అందరి కోర్కెలను ప్రమాణములో చేర్చిరి. జాలపు అంతస్తులో ముందుగ దారి వేయు పద్ధతియు కలదు, దారి లేని పొట్లముల పద్ధతియు కలదు. రవాణా అంతస్తులో ఒకటి కాదు, అయిదు తరగతుల నియమములు. ఫలితముగ రెండు యంత్రములు రెండును ప్రమాణమునకు అక్షరాల కట్టుబడియుండియు, వేరువేరు వికల్పములను ఎంచుకొన్నచో ఒకదానితో నొకటి మాట్లాడలేవు! పంచాయతీలో రెండు వర్గములను తృప్తిపరచుటకు ఒకే వాగుపై రెండు సగము వంతెనలు కట్టినట్లయినది.

రెండవ చిక్కు కాగితముల ధర. ఆ సంస్థ ప్రమాణ పత్రములను వెలకు అమ్మును. ఇంటర్నెట్టు నిర్మాతలు మాత్రము 1969 నుండియు తమ పత్రములను, అభిప్రాయములు కోరు విన్నపములు అను వినయమైన పేరుతో, అడిగినవారికెల్ల ఉచితముగ ఇచ్చుచు వచ్చిరి. విద్యార్థి కూడ చదివి, తన యంత్రముపై చేసి చూచి, తప్పున్నచో వ్రాయగలిగెడివాడు. మొదట వెలువడిన పత్రము వ్రాసిన స్టీవ్ క్రాకర్ తానే అప్పుడొక విద్యార్థి. 1983 జనవరి 1వ తేదీన అమెరికా రక్షణ శాఖ వారి ఆర్పానెట్ జాలము పాత నియమములను మాని టి.సి.పి./ఐ.పి.కి మారినది. ఆ సంవత్సరమే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము బర్క్‌లీలో తయారైన యూనిక్స్ వ్యవస్థలో ఈ నియమములను చేర్చి ఇతర విశ్వవిద్యాలయములకు పంచిరి. ఓ.ఎస్.ఐ. కాగితముపై ఉండగనే టి.సి.పి./ఐ.పి. బల్లపై పనిచేయుచుండెను.

న్యాయముగ చెప్పవలెనన్నచో, ఈ విజయము వెనుక అమెరికా రక్షణ శాఖ డబ్బున్నది. పని చేసినవారు చాలవరకు ఒక్క దేశపు నిపుణులు. ఎల్లరకు కుర్చీ వేయవలెనన్న ఓ.ఎస్.ఐ. వారి కోరిక అంతకంటె ప్రజాస్వామికమైనది. అది నిర్వహణలో భారమైనదే గాని ఆశయములో తప్పు కాదు.

ప్రభుత్వములు ఎటు నిలిచినవి? సర్క్యులరులు వ్రాయుటయే వృత్తిగా గల మాబోటి వారికి ఈ భాగము కొంత చేదుగనే ఉండును. టి.సి.పి./ఐ.పి.ని పెంచిన అమెరికా ప్రభుత్వమే, ఓ.ఎస్.ఐ. సకల దేశముల ప్రమాణము గనుక ముందుముందు అదియే నిలుచునని భావించి, 1988లో ఆజ్ఞ వెలువరించినది. 1990 ఆగస్టు నుండి ప్రభుత్వ కార్యాలయములు కొను జాల పరికరములు ఓ.ఎస్.ఐ.కి అనుగుణముగ ఉండవలెనని దాని సారాంశము. కంపెనీలు టెండరు నింపుటకు ఆ వసతి చూపెడివి. ఉద్యోగులు మాత్రము పని జరుగుచున్న టి.సి.పి./ఐ.పి.నే వాడుకొనెడివారు. 1995లో ఆజ్ఞను సడలింపక తప్పలేదు.

మన దేశములోను రెండు దారులు పరీక్షింపబడినవి. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము తోడ్పాటుతో ఎర్నెట్ అను విద్యా పరిశోధన జాలమును ప్రారంభించినది. బొంబాయి, ఢిల్లీ, కాన్పూరు, ఖరగ్‌పూరు, మద్రాసు ఐ.ఐ.టి.లు, బెంగుళూరు విజ్ఞాన సంస్థ, బొంబాయిలోని జాతీయ సాఫ్ట్‌వేరు సాంకేతిక కేంద్రము, ఢిల్లీలోని ఎలక్ట్రానిక్స్ శాఖ ఇందులో మొదటి భాగస్వాములు. వారు ఏ పక్షమును ముందుగ త్రోసివేయక, టి.సి.పి./ఐ.పి.ని, ఓ.ఎస్.ఐ.ని రెండింటిని నడపిరి. 1995 నాటికి దాదాపు రాకపోకలన్నియు టి.సి.పి./ఐ.పి. మీదికి వచ్చినవి. ఆ సంవత్సరమే ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా ఇంటర్నెట్టు సామాన్య ప్రజలకు కూడ అందుబాటులోనికి వచ్చినది. రెండు నాగళ్లు కట్టి చూచి దున్నుచున్న దానిని ఉంచుకొన్న పద్ధతి ఇది. ముందే ఆజ్ఞ వ్రాసిన వారికంటె మనవారి తీరే మాకు నచ్చినది.

ఓడిన దానిలోని మేలు

గెలిచినది గనుక టి.సి.పి./ఐ.పి. అన్నింట మేలైనదనుట సరికాదు. మూడు విషయములలో ఓడిన పక్షము ముందుచూపు కలది.

మొదటిది సంతకము. మీ సేవలో ఇచ్చు ధ్రువపత్రముపై అధికారి సిరా సంతకమునకు బదులు డిజిటల్ సంతకము ఉండుట చూచియుందురు. ఆ సంతకము ఫలానా అధికారిదే అని ధ్రువపరచు సర్టిఫికెట్టు రూపమునకు ఎక్స్.509 అని పేరు. అది 1988లో ఓ.ఎస్.ఐ. కుటుంబములో పుట్టినది. బ్యాంకు పేజీ తెరచినపుడు ఫోనులో సురక్షితమని తెలుపు ఏర్పాటు వెనుకను అదియే కలదు. ఏడంతస్తుల మేడ కూలినదని చెప్పుకొనుచు, దాని తలుపును, తాళమును గెలిచినవారు తమ ఇంటికి బిగించుకొన్నారు.

రెండవది ఉత్తరము. ఓ.ఎస్.ఐ. వారి ఎక్స్.400 తపాలాలో ఉత్తరము ముట్టినట్లు రసీదు మొదలైన ఏర్పాట్లు కలవు. కాని చిరునామాలో దేశము, తపాలా సంస్థ, కార్యాలయము, శాఖ, ఇంటిపేరు, పేరు వరుసగ వ్రాయవలసియుండెను. కరణము గారి రికార్డు వలె. 1982 నాటి ఇంటర్నెట్టు ఈమెయిలుకు పేరు, ఒక గుర్తు, చోటు చాలును. జనులు సులభమైన దానినే పట్టుకొనిరి. కాని ఆ సులభమైన పద్ధతిలో పంపినవారి పేరు నిజమా కాదా అని విచారించు నియమము మొదట లేదు. పరిచయస్థులైన కొలదిమంది పండితులు వాడుకొనుటకు చేసినది గదా! దాని ఫలితము నేడు మనము అనుభవించుచున్నాము. బ్యాంకు పేరుతోను, ప్రభుత్వ శాఖ పేరుతోను దొంగ ఉత్తరములు వచ్చుచున్నవి. తరువాత అతుకులు వేసి కొంత సరిచేసిరి గాని, ఉత్తరము పైన కనబడు పేరును మాత్రమే నమ్మి డబ్బు పంపరాదు. పొరపాటున పంపినచో ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

మూడవది, అన్నిటికంటె పెద్దది, చిరునామాల సంఖ్య. ఐ.పి. చిరునామాను 32 బిట్లతో ఏర్పరచిరి. వానితో సుమారు 429 కోట్ల చిరునామాలు మాత్రమే సాధ్యము. ఆనాడు అది సముద్రమువలె తోచినది. ఓ.ఎస్.ఐ. వారు 160 బిట్ల వరకు చోటు ఉంచిరి. ఈ కొరత 1992 నాటికే బయటపడినది. ఆ జూన్ నెలలో ఇంటర్నెట్టు పెద్దలు జపానులో కూడి, ఓ.ఎస్.ఐ. చిరునామా పద్ధతిని తీసికొందమని సూచింపగా, ఇంజనీర్లలో పెద్ద అలజడి లేచినది. జూలైలో అమెరికాలోని కేంబ్రిడ్జిలో జరిగిన సభలో, ఓట్ల లెక్క కంటె స్థూలమైన సమ్మతియు, పనిచేయుచు కంటికి కనబడు యంత్రమును ముఖ్యమని డేవిడ్ క్లార్క్ వాదించెను. ఎల్లప్పుడు మూడు వస్త్రముల సూటుతో కనబడు సెర్ఫ్ అదే సభలో కోటు, చొక్కా విప్పి, ఐ.పి. దేనిమీదనైనను నడుచునని అచ్చువేసిన బనియను చూపెను. సూచన వీగిపోయినది.

అభిమానము గెలిచినది గాని చిరునామాల కొరత తీరలేదు. 1995 డిసెంబరులో 128 బిట్ల చిరునామాతో ఆరవ సంచిక ఐ.పి. వ్రాసిరి. పాత నాలుగవ సంచికతో అది నేరుగ మాట్లాడలేదు. అందుచే ప్రతి జాలమును కొంతకాలము రెండింటిని నడుపవలసి వచ్చినది. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ నిధిలోని పాత చిరునామాల చివరి కట్టలు పంచబడినవి. అయినను మార్పు ముప్పది సంవత్సరములుగ సాగుచునేయున్నది. నిదానమని ఓ.ఎస్.ఐ.ని ఎగతాళి చేసినవారు ఈ విషయములో ఏమందురో! ఈలోపున ఒక్కొక్క పాత చిరునామాను వందల ఫోన్లు పంచుకొనుచున్నవి. ఒకే ఇంటి నంబరుతో వీధి అంతయు కాపురమున్నట్లు. మోసము చేసినవాని జాడ తీయవలసిన పోలీసులకు ఇది అదనపు కష్టము. మన దేశము ఈ విషయములో వెనుకబడలేదు. టెలికాం శాఖ 2010 జూలైలో క్రొత్త చిరునామాలకు మార్గ ప్రణాళిక ప్రకటించినది. జనాభా మిక్కుటమై, పాత చిరునామాలు మనకు దక్కినవి స్వల్పమగుటచే మొబైలు కంపెనీలు కూడ త్వరపడినవి. నేడు దేశములోని ఇంటర్నెట్టు వాడుకదారులలో సగమునకు మించి క్రొత్త పద్ధతిని అందుకొన్నారు. వారిలో చాలమందికి ఆ సంగతియే తెలియదు.

తెలిసికొనగోరువారు తమ స్మార్టు ఫోనులో సెట్టింగులు తెరచి, ఫోను వివరములను చూపు పేజీలో ఐ.పి. చిరునామా అను పంక్తిని చూడవలెను. చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు మాత్రమే ఉన్నచో అది పాతది. అంకెలు, ఇంగ్లీషు అక్షరములు కలిసి, నడుమ రెండేసి చుక్కలు నిలువుగ పేర్చియున్నచో అది క్రొత్తది. పెక్కు ఫోన్లలో రెండును ఒకదానిక్రింద ఒకటి కనబడును.